మా 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌ని మిక్సీ పెట్టే ప్లగ్ పాయింట్‌లోనే పెట్టొచ్చా?

వద్దండి. మిక్సీకి వాడే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. మీ స్టవ్ 2000 వాట్లు అన్నారు కదా, మన 230 వోల్టుల సప్లై మీద అది దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దానికి పెద్ద త్రీపిన్ ప్లగ్ ఇచ్చింది అందుకే. కన్వర్టర్ పిన్ తగిలించి చిన్న సాకెట్‌లో పెడితే మొదట బాగానే పనిచేస్తుంది, తర్వాత లోపల పిన్నుల దగ్గర వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. కాలిన వాసన వచ్చేసరికే ఆలస్యం అయిపోతుంది.

16 ఆంపియర్ల సాకెట్ కావాలి. అయితే పాత వైరు అలాగే ఉంచి సాకెట్ ఒక్కటే మారిస్తే లాభం లేదు. మెయిన్ బోర్డు నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు విడిగా లాగించి, దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించండి. గీజర్, ఓవెన్ ఆ లైన్ మీద వద్దు. దూరం ఎక్కువైతే 4 చదరపు మిల్లీమీటర్లది మంచిది.

ఎర్త్ మాత్రం అస్సలు వదలకండి. కొన్ని పాత ఇళ్లలో సాకెట్‌కి ఎర్త్ కోసం మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో దగ్గరుండి చెక్ చేయించండి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, షాక్ కొడితే మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్. తడి చేతులతో పనిచేసే వంటగదికి అది తప్పకుండా ఉండాలి.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపి, టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకోమనండి.