ఓటు లేని ప్రతినిధి, సూర చేపల సముద్రం

ప్రశ్న: విశాఖ చేపలరేవులో మాకు ఒక మరబోటు ఉంది. పసిఫిక్‌లోని అమెరికన్ సమోవా దీవుల ప్రతినిధి ఒకరు, మూసివేసిన వేట జలాలను తెరిపించడానికి చాలా పాటుపడ్డారని, అయితే అమెరికా పార్లమెంటులో ఆమెకు ఓటే లేదని మా అబ్బాయి చెప్పాడు. ఓటు లేకుండా ఏం సాధించగలరు? మన అండమాన్ ఎంపీ పరిస్థితి కూడా అంతేనా?
– ఒక పాఠకుడు, జాలారిపేట, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. అమెరికా పాలనలో ఉన్నా రాష్ట్రం కాని ఆ దీవులకు 2015 జనవరి నుంచి ప్రాతినిధ్యం వహిస్తున్న అమాటా కోల్‌మన్ రాడెవాగెన్ ప్రతినిధుల సభలో ప్రసంగించవచ్చు, బిల్లు ప్రవేశపెట్టవచ్చు, సభా సంఘాలలో ఓటు కూడా వేయవచ్చు. కాని ఒక బిల్లును ఆమోదించాలా వద్దా అని సభ తేల్చే చివరి ఓటింగులో మాత్రం పాల్గొనకూడదు. అండమాన్ సంగతి వేరు. అక్కడి సభ్యుడిని మొదట్లో రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. 1967 నుంచి ప్రజలే ఎన్నుకుంటున్నారు. శాసనసభ లేని ఆ దీవుల ఎంపీ ఓటుకు లోక్‌సభలో మన విశాఖ ఎంపీ ఓటుకున్నంత విలువ ఉంది.

ఇక సూర (ట్యూనా) చేపల విషయానికి వద్దాం. ఈ జవాబు రాసే ముందు ఒక తెల్లవారుజామున మన రేవుకు వెళ్ళాను. ఐసు మీద పరిచిన సూరలలో ఒకదానికి తోక దగ్గర చిన్న కోత పెట్టి, కండ ఎర్రగా ఉందో నల్లబడిందో చూసిన తరువాతే కొనుగోలుదారు ధర చెప్పాడు. వేటకు ఎంత దూరం పోవాలి, ఎన్ని రోజులకు తిరిగి రావాలి అన్నదే సరుకు విలువను, డీజిల్ ఖర్చును నిర్ణయిస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు. 2020 జనాభా లెక్కల ప్రకారం 49,710 మంది ఉన్న అమెరికన్ సమోవాలో, పాగో పాగో రేవులోని ట్యూనా డబ్బాల కర్మాగారమే ప్రైవేటు రంగంలో అందరికన్నా ఎక్కువ మందికి ఉపాధి ఇస్తోంది. 2009లో ఒకటి, 2016లో మరొకటి మూతపడ్డాక మిగిలింది అదొక్కటే. 2009లో బుష్ ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించిన పసిఫిక్ మారుమూల దీవుల జలాలను 2014లో ఒబామా మరింత విస్తరించడంతో, తమ పడవలకు వేట మేర తగ్గిపోయిందని అమాటా ఏళ్ళ తరబడి వాదిస్తూ వచ్చారు. చివరికి 2025 ఏప్రిల్ 17న అధ్యక్షుడు ట్రంప్, ఆ దీవుల చుట్టూ 50 నుంచి 200 నాటికల్ మైళ్ళ మధ్య అమెరికా జెండా పడవలు వాణిజ్య వేట సాగించవచ్చని ప్రకటించారు. సభలో ఒక్క ఓటూ పడకుండానే, పట్టువిడవని అభ్యర్థనలతో వచ్చిన ఫలితం ఇది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. నిబంధనలు మార్చే ముందు ప్రజాభిప్రాయం కోరకుండా, అమెరికా మత్స్య శాఖ కేవలం ఒక లేఖతో వేటకు అనుమతి ఇవ్వడం చెల్లదని అదే ఏడాది ఆగస్టులో హవాయిలోని ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. కర్మాగారం కూలీల కోసం అమాటా పడిన తపన నాకు పూర్తిగా న్యాయంగానే కనిపిస్తుంది. కాని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పడవను ఒడ్డున కట్టేసి, చేప గుడ్లు పెట్టే కాలాన్ని గౌరవించే మీవంటి వారి దృష్టితో చూస్తే, అందరి మాటా వినకుండా తెరిచిన సముద్రం ఎవరికీ నిలకడైన జీవనోపాధి ఇవ్వలేదనిపిస్తుంది.

అమెరికన్ సమోవా వంటి దీవుల్లో పేదల వైద్యానికి ఇచ్చే మెడికెయిడ్ నిధుల్లో అమెరికా కేంద్ర ప్రభుత్వ వాటాను 83 శాతంగా శాశ్వతం చేస్తూ 2022 డిసెంబరులో వచ్చిన చట్టం కూడా దీవుల ప్రతినిధులందరూ కలిసి పోరాడినదే. ఒకే ఒక్క ఆసుపత్రి ఉన్న అమెరికన్ సమోవాకు అది చిన్న మేలు కాదు.

నా దృష్టిలో అన్నిటికన్నా బాధాకరమైనది పౌరసత్వం విషయం. అమెరికన్ సమోవాలో పుట్టినవారు పుట్టుకతో అమెరికా జాతీయులే అవుతారు గాని పౌరులు కారు. పౌరసత్వం కావాలంటే దీవులు వదిలి ఏదో ఒక రాష్ట్రానికి వెళ్ళి నివాసం ఏర్పరచుకోవాలి. అందరిపైనా పౌరసత్వాన్ని కోర్టులు రుద్దకూడదంటూనే, కోరుకున్నవారు సొంత ఊరిలో ఉండే దరఖాస్తు చేసుకునే వీలు కల్పించాలని అమాటా బిల్లు పెట్టారు. అది ఇంకా చట్టం కాలేదు. సభలో దానిపై ఓటింగు జరిగే రోజు వచ్చినా, ఆ బిల్లు పెట్టిన మనిషి దానికి ఓటు వేయలేరు.