యూనివర్సిటీ విద్యార్థుల అసైన్‌మెంట్లు బాగుపడాలంటే అధ్యాపకులు ఏం చేయాలి?

మీరు గెస్ట్ ఫ్యాకల్టీగా కొత్తగా చేరానన్నారు, పీజీ పిల్లల అసైన్‌మెంట్లన్నీ గైడు ముందు పెట్టుకుని దించినట్టే ఉంటున్నాయన్నారు. నేను రాయలసీమలో ఎకనామిక్స్ చెప్తాను. ముందు ఏది పనిచేయదో చెప్తాను, ఎందుకంటే అది నేను ఏడెనిమిదేళ్ళు చేశాను: ఎర్ర పెన్నుతో పేజీ నిండా గీతలు. ఒత్తులు, దీర్ఘాలు, "ఆధారం ఏది?", "ఇంకా బాగా రాయాలి". పిల్లలు మార్కు చూసుకుని, కాగితాలు మడిచి బ్యాగులో కుక్కేవాళ్ళు. తర్వాతి సెమిస్టర్‌లో మళ్ళీ అవే తప్పులు.

ఒకసారి గ్రామీణ ఉపాధి హామీ పథకం మీద ఇచ్చాను. "గ్రామీణ మహిళలపై ఈ పథకం ప్రభావాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి" అన్నది ప్రశ్న. 34 అసైన్‌మెంట్లు వచ్చాయి. స్కెచ్ పెన్నుతో సైడ్ హెడింగులు, కింద రంగు గీతలు, ఇద్దరు స్పైరల్ బైండింగ్ కూడా చేయించారు. ఎవరిది తెరిచినా పరిచయం, లక్ష్యాలు, ప్రయోజనాలు, లోపాలు, ముగింపు. ఎవరిది చూసినా "2005లో చట్టము చేయబడినది, తొలి దశలో 200 జిల్లాలలో అమలుపరచబడినది". ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రోజూ బస్సెక్కి వచ్చే పిల్లలు మా క్లాసులోనే నలుగురున్నారు. ఒక్కరూ ఆ ఊరి పేరు రాయలేదు.

వాళ్ళను అని లాభం లేదు. ఇంటర్ నుంచీ నేర్పిందే అది. పాయింటుకు ఇంత, హెడింగుకు ఇంత, పేజీలు నిండితే మార్కులు పడతాయి. దిద్దేవాళ్ళు చదవరు, తిరగేస్తారంతే అని వాళ్ళకు గట్టి నమ్మకం. (అది పూర్తిగా అబద్ధమని నేనూ అనలేను.)

ఒకమ్మాయి రాసిన వాక్యం ఇది: "ఈ పథకము ద్వారా మహిళా సాధికారత సాధింపబడుచున్నది." పిలిచి "ఎవరు సాధించారమ్మా?" అని అడిగాను. నవ్వి ఊరుకుంది. "మీ ఇంట్లో ఎవరైనా పోతారా ఆ పనికి?" అన్నాను.

"మా అమ్మ పోతాది మేడమ్, కరువు పనికి."

ఇక ఆగలేదు. ఎండాకాలం పొద్దు పొడవకముందే పోతారంట. డబ్బులు అమ్మ ఖాతాలోనే పడతాయి కాబట్టి ఈ పిల్ల పీజీ ఫీజు నాన్నను అడగకుండా అమ్మే కట్టిందంట. వాళ్ళ పిన్ని మాత్రం రెండు వారాలు పోయి మానేసింది, పిల్లోల్లను చూసేటోల్లు లేక. పది నిమిషాల్లో ఇంత చెప్పింది. పది పేజీల్లో ఇందులో ఒక్క ముక్క లేదు. ఆ మాటే అంటే, "ఇవన్నీ రాయొచ్చా మేడమ్?" అంది. తను కళ్ళారా చూసింది రాయడానికి పీజీ చదివే పిల్లకు పర్మిషన్ కావాల్సి వచ్చింది!

రాయొచ్చు, కానీ చట్టం కూడా తెరిచి చూడమన్నాను. పనిచోటికి తల్లుల వెంట వచ్చిన ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురో అంతకన్నా ఎక్కువో ఉంటే, వాళ్ళను చూసుకోవడానికి ఆ ఆడవాళ్ళలోనే ఒకరిని పెట్టాలి, ఆమెకూ కూలి ఇవ్వాలి అని 2005 నాటి ఆ చట్టంలో ఉంది. చట్టంలో ఉన్నదానికీ పిన్నికి జరిగినదానికీ ఎందుకు పొంతన లేదో వెతకడమే "విమర్శనాత్మకంగా పరిశీలించడం" అని అప్పుడు చెప్తే చప్పున అర్థమైంది. అదే మాట బోర్డు మీద నిర్వచనంగా నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

రెండోసారి ఆమె ఇలా మొదలుపెట్టింది: "మా పిన్ని ఉపాధి పనికి రెండు వారాలు వెళ్ళి మానేసింది. పిల్లలను చూసుకోవడానికి మనిషిని పెట్టాలని చట్టంలో ఉంది. ఆమె పనిచేసిన చోట ఎవరినీ పెట్టలేదు." ఒక్క పిన్నిని పట్టుకుని రాష్ట్రం మొత్తానికి తీర్పు చెప్పొద్దంటే, వాళ్ళ వీధిలో ఇంకో ఆరుగురిని అడిగి వచ్చింది. పది పేజీలు నాలుగయ్యాయి. రెండు మూడు వాక్యాలు ఇంకా కుంటుతున్నాయి, నేను ముట్టుకోలేదు.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. రాయకముందు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, తాము ఏం రాయబోతున్నారో ఒకరికొకరు అయిదేసి నిమిషాలు చెప్పుకోమంటాను. విన్నవాళ్ళు దాన్ని ఒక్క వాక్యంలో రాసివ్వాలి. రాయలేకపోతే చెప్పినవాళ్ళ దగ్గర ఇంకా విషయం లేనట్టే. గడువుకు పది రోజుల ముందు డ్రాఫ్ట్ తీసుకుంటాను, దానికి మార్కులుండవు. దాని మీద రెండే మాటలు రాస్తాను: ఎక్కడ నాకు అర్థం కాలేదు, ఏ మాటకు ఆధారం కావాలి. ఒత్తులూ దీర్ఘాలూ చివరి కాపీలోనే. నమ్మండి, ఎర్ర పెన్ను రోజులకన్నా ఇప్పుడే నాకు తక్కువ టైమ్ పడుతోంది.

కాపీ సంగతి. "మేడమ్, కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో ఎనిమిది శాతమే చూపించింది" అంటూ వస్తారు. 2018 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల్లో పది శాతం దాకా సారూప్యానికి శిక్ష లేదన్న మాట ఎక్కడో విని ఉంటారు. అది థీసిస్‌లకూ పరిశోధనా పత్రాలకూ పెట్టింది, అసైన్‌మెంట్లకు కాదు. పైగా "మహిళ" అన్నచోటల్లా "స్త్రీ" అని మార్చినా శాతం తగ్గుతుంది. చాట్‌జీపీటీతో రాయించినా నేను చేసేది ఒకటే: కాగితం పక్కన పెట్టి మూడో పేరా ఏంటో నోటితో చెప్పమంటాను. రాసినవాళ్ళు తడబడినా చెప్తారు. రాయించుకున్నవాళ్ళు కాగితం వైపు చూస్తారు.

డిగ్రీ సెక్షన్‌లో అరవై డెబ్బై మంది ఉంటే ఇదంతా కుదరదు, నేనూ చేయను. అక్కడ మొదటి పేరా ఒక్కటే ముందుగా తెప్పించుకుంటాను. మీరూ ఈ సెమిస్టర్‌కు అంతవరకే పెట్టుకోండి. ఇంటర్నల్ మార్కుల గడువు దగ్గరపడ్డాక డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఎలాగూ ఊపిరి తీసుకోనివ్వరు, కాబట్టి మొదటి మిడ్ పరీక్షకు ముందే ఆ పేరా తెమ్మని పిల్లలను అడగండి.