చెల్లి పెళ్లిచూపుల రోజు తమ్ముణ్ని ఎక్కడ ఉంచాలి?

రాజమహేంద్రవరం దగ్గరి ఊరి నుంచి ఒక అక్క రాశారు. తమ్ముడికి 31 ఏళ్లు. ఆరేళ్ల కిందట డాక్టర్లు స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు అన్నారు, మందులు మానకుండా వేసుకుంటున్నాడు, రెండేళ్లుగా కేకలూ అనుమానాలూ ఏమీ లేవు. ఇప్పుడు చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. పెళ్లిచూపుల రోజు అతన్ని అమ్మమ్మగారి ఊరు పంపేద్దామని నాన్న అంటున్నారట. అది విని తమ్ముడే "ఎందుకులే అక్కా, నేను గదిలో తలుపేసుకుని ఉంటా" అన్నాడట. ఏం చేయమంటారని అడిగారు.

అమ్మా, మీ తమ్ముడన్న ఆ మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంటికి ఎవరైనా వస్తే తను కనిపించకూడదని ఈ ఆరేళ్లలో ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. పంపొద్దు, తలుపు వేయనివ్వొద్దు.

సోషల్ వర్కర్‌గా ఇళ్లకు వెళ్లినప్పుడు జబ్బున్న మనిషి ఎక్కడ కూర్చుని అన్నం తింటున్నాడో చూడటం నాకు అలవాటు. ఒక ఇంట్లో వంటింటి గుమ్మం పక్కన విడిగా బోర్లించిన స్టీలు పళ్లెం, గ్లాసు కనిపించాయి. "అవి వాడివండీ" అంది వాళ్లమ్మ మామూలుగా. అంటుకునే జబ్బు కాదని ఆవిడకి తెలుసు, అయినా విడిగానే పెడుతోంది. మీ ఇంట్లో ఎలా ఉందో ఒకసారి చూసుకోండి. ఎత్తిపొడుపులు, విసుక్కోవడాలు ఎక్కువైన ఇంట్లో మందులు వేసుకుంటున్నా జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది.

మీ నాన్నగారిని తప్పుపట్టను. ఆయన భయం ఉట్టిది కాదు, కొందరు నిజంగానే వెనక్కి తగ్గుతారు. కానీ దాచి చేస్తే ఊళ్లో ఎవరో ఒకరు ఇవాళ కాకపోతే రేపు చెప్పకమానరు, అప్పుడు మాట పడేది మీ చెల్లి, అదీ అత్తారింట్లో. ముందు తమ్ముణ్ని అడగండి, జబ్బు సంగతి గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. అతను సరేనంటే, తాంబూలాలు పుచ్చుకోకముందే, మధ్యవర్తి చేత కాకుండా నాన్నగారే అబ్బాయి తండ్రితో చెప్పాలి. వంశంలో వస్తుందా అని అడుగుతారు, అడగనివ్వండి. తోబుట్టువులకు వచ్చే అవకాశం మామూలు జనం కంటే ఎక్కువే, అయినా నూటికి తొంభై మందికి రాదు.

ఆ రోజు అతనికి ఒక పని ఇవ్వండి. వచ్చినవాళ్లకి కుర్చీలు వేయడమో, మంచినీళ్లు ఇవ్వడమో చాలు. "మా అబ్బాయి" అని నాన్నగారు పరిచయం చేయాలి. సందడి ఎక్కువై లేచి గదిలోకి వెళ్తానంటే వెళ్లనివ్వండి, కాసేపటికి వస్తాడు. పెళ్లి పనుల్లో పడి రాత్రి మందు, నిద్ర మాత్రం తప్పకుండా చూసుకోండి, ఇలాంటి రోజుల్లోనే చాలామంది గాడి తప్పుతారు.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ పత్రం, తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. మానసిక జబ్బులకూ ఇస్తారు. సచివాలయంలో స్లాట్ బుక్ చేయించండి, వైకల్యం 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, మన ఆంధ్రలో నెలకు 6,000 రూపాయలు. సర్టిఫికెట్ కోసం పరీక్షించే డాక్టర్లు ముఖ్యంగా నాలుగు సంగతులు చూస్తారు: తన పనులు తాను చేసుకోగలడా, నలుగురితో కలుస్తాడా, మాట్లాడి అర్థం చేసుకోగలడా, పని చేయగలడా. నలుగురితో కలవడం గదిలో కూర్చుంటే రాదు కదమ్మా! అందుకే పని కూడా కొంచెం కొంచెంగా మొదలుపెట్టించండి. తెలిసినవాళ్ల జిరాక్స్ షాపులో రోజుకి రెండు గంటలు చాలు, జీతం సంగతి తర్వాత.

నాన్నగారికి టెన్షన్‌గా ఉంటే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 కి ఫోన్ చేయించండి, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. కుటుంబం వాళ్లూ చేయొచ్చు.

పెళ్లిచూపులకని చెల్లికి చీర కొంటారు కదా, ఆ రోజు తమ్ముణ్ని కూడా బజారుకి తీసుకెళ్లి ఒక చొక్కా కొనండి. రంగు అతన్నే చూసుకోమనండి.