గ్యాస్ స్టేషన్ దగ్గరి కుక్కని తెచ్చేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉంటాం. మాన్యుమెంట్ వ్యాలీ చూసొస్తూ నవాహో గిరిజనుల ప్రాంతంలోని కయెంటా ఊళ్లో గ్యాస్ (పెట్రోల్) కోసం ఆగితే ఒక బక్క కుక్క మా పాప చేతిలో చిప్స్ కోసం వచ్చింది, ఎముకలు లెక్కపెట్టొచ్చు, చన్నులు వేలాడుతున్నాయి. పాప రోజూ దాన్నే అడుగుతోంది. వెళ్లి తెచ్చేసుకోమంటారా?

జవాబు: అమ్మా, చన్నులు వేలాడుతున్నాయంటే దగ్గర్లో ఎక్కడో పిల్లలుండొచ్చు, ఉంటే తల్లిని ఒక్కదాన్నే కారెక్కిస్తే అవి ఆకలితో చచ్చిపోతాయి, తెస్తే అన్నిట్నీ కలిపే తేవాలి. ముందు అక్కడివాళ్లని అడగండి. నవాహో ఊళ్లల్లో మన పల్లెల్లో లాగే చాలామంది కుక్కల్ని కట్టేయరు, అది ఎవరి గొర్రెలకో కాపలా కుక్క కావచ్చు. వాళ్లకి ప్రేమ లేదనుకోకండి, నవాహో నేషన్, అంటే ఆ గిరిజనుల స్వపరిపాలన ప్రాంతం, మూడు రాష్ట్రాల్లో సుమారు 70 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే ఎక్కువ, అంత నేలకి వెటర్నరీ డాక్టర్లు చాలా తక్కువ, కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలంటే గంటలు గంటలు డ్రైవింగ్.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, గోమార్లు! అరిజోనా గిరిజన ప్రాంతాల్లో 2003 నుంచి కుక్క గోమార్ల వల్ల రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ అనే ప్రమాదకరమైన జ్వరం మనుషులకి వస్తోంది, కొందరు చనిపోయారు కూడా. కుక్క చెవుల లోపల, వేళ్ల సందుల్లో చూసి తీయించండి, ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే గోమార్ల సంగతి డాక్టర్‌కి చెప్పండి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వెంటనే మొదలెట్టాలి. రేబిస్‌కి, పార్వో, డిస్టెంపర్ అనే కుక్కల వైరస్ జబ్బులకి టీకాలు వేయించండి, పిల్లలు పాలు మానేశాక తల్లికి ఆపరేషన్ చేయించండి.