కూర్చుని పరిగెత్తే కోతి

ప్రశ్న: మాది బంగారుపాళెం దగ్గర పల్లె. తిరుపతిలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. అలిపిరి మెట్ల దారిలో కోతులు కొబ్బరిచిప్పలు లాక్కునే గేమ్‌ను, గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో చేశాను. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో కోడ్ చూసి "ఇన్ని బూలియన్లెందుకు, ఈనమ్ వాడలేదేం?" అన్నారు. నోరు పెగల్లేదు. బెంగళూరులో గేమ్ కోర్సులో చేరమంటారా? తోతాపురి కాయ అమ్మిన డబ్బు ఇస్తానంటున్నాడు నాన్న.

జవాబు: ఆ డబ్బు ఇప్పుడే కదిలించొద్దు నాయనా. నువ్వు పంపిన కోడ్ చూశాను. కూర్చుంది, వెంటపడుతోంది, లాక్కుంటోంది, పారిపోతోంది అని కోతికి నాలుగు బూలియన్లు, అంటే ట్రూ లేదా ఫాల్స్ మాత్రమే పట్టే వేరియబుల్స్, పెట్టావు. అవును, కాదు లెక్కన అవి 16 రకాలుగా కలుస్తాయి. నీకు కావలసినవి నాలుగే. మిగతా 12 బగ్గులు దూరే సందులు. పారిపోయేటప్పుడు 'కూర్చుంది'ని ఫాల్స్ చేయడం ఒకచోట మరిచావు. అందుకే నీ కోతి చిప్ప పట్టుకుని, బాసింపట్టు వేసుకునే మెట్ల మీద జారిపోతోంది. నవ్వాగలేదు నాకు.

మీ తోటలో కొమ్మనే చూడు. పూత, పిందె, కాయ, పండు. ఒకే కాయ పిందెగానూ పండుగానూ ఉండదు కదా. ఈనమ్ కూడా అంతే: ఉండగల స్థితులకు పేర్లు పెట్టి, వేరియబుల్‌లో ఒక్కదాన్నే ఉండనిస్తావు. పండు మళ్లీ పూత కాకుండా చూడడం మాత్రం దాని పని కాదు. స్థితి మార్చే పనంతా ఒకే ఫంక్షన్‌లో పెట్టి అక్కడ నువ్వే అడ్డుకోవాలి. అలాగని అన్నీ ఈనమ్‌లో కుక్కొద్దు. చేతిలో చిప్ప ఉందా లేదా అన్నది కూర్చున్నా, పరిగెత్తినా ఉండే సంగతి. దాన్ని బూలియన్‌గానే ఉండనీ.

ఇంకో గుంట ఉంది. యూనిటీలో నువ్వు కోడ్ రాసే భాష సీ షార్ప్‌లో ఆ పేర్ల వెనక ఉండేవి సున్నా నుంచి అంకెలు. యూనిటీ సీన్‌లో దాచేది ఆ అంకెనే. 'లాక్కుంటోంది'కి ముందు 'బెదిరింది' అని కొత్తది ఇరికించావో, ఇన్‌స్పెక్టర్‌లో, అంటే యూనిటీలో విలువలు మార్చే ప్యానెల్‌లో, 'లాక్కుంటోంది' అని పెట్టిన కోతులన్నీ బెదిరిపోయి నిలబడతాయి. కొత్తవి చివర చేర్చు, లేదా ప్రతి పేరుకూ అంకె నువ్వే ఇవ్వు.

ఇదంతా గేమ్‌లకే అనుకోకు. ఆర్డర్ ప్యాకయిందా, బయల్దేరిందా, చేరిందా అని చూపే యాప్‌లోనూ ఇదే ఆలోచన. మీ కాలేజీలో జావా చెప్పే ఉంటారు; అందులో ఈనమ్ 2004లో వచ్చిన ఐదో వెర్షన్ నుంచీ ఉంది. దీనికోసం బెంగళూరు బస్సెక్కనక్కర్లేదు.

పాత కోడ్ చెరిపేయకు. మార్చింది పక్కన వేరే కమిట్‌గా, అంటే విడిగా నమోదు చేసిన మార్పుగా, పెట్టు. కోతి ఎందుకు జారేదో, ఇప్పుడెందుకు జారదో నాన్నకు అర్థమయ్యేలా రెండు నిమిషాల్లో చెప్పి చూడు. అప్పటికీ కోర్సు కావాలనిపిస్తే, ఫీజు కట్టకముందు అక్కడ చదివినవాళ్లు చేసిన గేమ్‌లు రెండు ఆడి, ఎలా ఉన్నాయో నాకు రాయి.