లివర్‌మోర్ వెళ్తే ఆ ద్రాక్షతోట కూడా చూసి రండి

చిరంజీవి బాబుకి, పెదనాన్న ఆశీస్సులు.

వినాయక చవితికి కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ శివవిష్ణు గుడికి వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఆ ఊళ్ళోనే వెంటీ కుటుంబం వాళ్ళ ద్రాక్షతోట, వైన్ తయారుచేసే వైనరీ ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళు. తాగనివాళ్ళకి అక్కడేం పని అనుకోకు. ఆనందపురం తోటలో మామిడి అంట్లు కడుతూ బతికినవాణ్ణి, ఏం చూడాలో చెప్తాను.

ముందు ఫోన్ చేసి టూర్ బుక్ చేసుకో. అది కోతల కాలం, రద్దీగా ఉంటుంది. వెళ్ళగానే రుచి చూపించే గదిలోకి పోకుండా తోటలో నడవండి. గులకరాళ్ళ నేల, నీరు నిలవదు. ఒక తీగ మొదట్లో వంగి చూడు. బొడిపెలా ఉబ్బి ఉంటే అదే అంటు. ఫిలోక్సెరా అనే పురుగు యూరప్ ద్రాక్ష వేళ్ళని తినేస్తుంది. అందుకే దాన్ని తట్టుకునే అమెరికా జాతి వేరు మీద కడతారు, మనం నాటు టెంక మొక్క మీద బంగినపల్లి కట్టినట్టు.

జర్మనీ నుంచి వలసొచ్చిన కార్ల్ వెంటీ 1883లో 47 ఎకరాలతో ఈ తోట మొదలుపెట్టాడు. కొడుకు ఎర్నెస్ట్ 1912లో ఫ్రాన్స్‌లోని మాంపెలియే నుంచి షార్డనే అనే తెల్ల వైన్ ద్రాక్ష కొమ్మలు తెప్పించి, బాగా కాసిన తీగల నుంచే మళ్ళీ కొమ్మలు కోసి నాటుతూ పోయాడు. ఇవాళ కాలిఫోర్నియా షార్డనే తోటల్లో ఎక్కువ భాగం ఆ తీగల సంతతే. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ ఓపికే. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధంలో ఎన్నో వైనరీలు మూతపడితే, వీళ్ళు చర్చి ప్రార్థనలకు వాడే వైన్‌తో నెట్టుకొచ్చారు.

మన వైపు తాత వేసిన తోట మనవడి చేతికొచ్చేసరికి లేఅవుట్ అయిపోతోంది. వాళ్ళది ఐదో తరం దాకా వచ్చింది. భూమి ముక్కలవకుండా ఎలా పంచుకున్నారు, తోట ఎవరు చూస్తారు, అమ్మకాలు ఎవరు చూస్తారు, మొహమాటపడకుండా అడుగు. మీ అన్నదమ్ములకి రేపు పనికొస్తుంది.

రుచి చూడటం నీ ఇష్టం. మింగకుండా పక్కనున్న గిన్నెలో ఉమ్మేసినా ఎవరూ తప్పుగా అనుకోరు. కారు నడిపేవాళ్ళు మాత్రం ముట్టొద్దు. నా కోసమని కొమ్మ తుంచి తేవద్దు నాన్నా, తెగుళ్ళు అలాగే దేశాలు దాటుతాయి.

ఇప్పుడు ఏ వేరు మొక్క మీద కడుతున్నారో కనుక్కుని, ఆ అంటు దగ్గర ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు.

మీ పెదనాన్న,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం