రంగు డబ్బా పక్కన పెట్టి, ముందు తడి ఎటునుంచో పట్టుకోండి

హనుమకొండలో మీ పడకగది గోడకు రెండుసార్లు రంగు వేయించినా నల్లటి బూజు మళ్లీ తేలుతోందని రాశారు. దయచేసి మూడోసారి వేయించకండి. తడి ఆగకుండా ఏ రంగూ నిలవదు.

మచ్చ ఎక్కడుందో చూస్తే సగం సంగతి తెలుస్తుంది. నేల నుంచి రెండు మూడడుగుల లోపే ఉండి, వేలితో తాకితే తెల్లటి ఉప్పు పొడి అంటుకుంటే పునాది చెమ్మ పైకి పాకుతున్నట్టే. పైకప్పు మూలలో ఉంటే డాబా ఎక్కి, వాననీటి గొట్టం మొదలు చూడండి. అవతల స్నానాలగది ఉందా? అయితే నా అనుమానం పైపు మీదే. రాత్రి కుళాయిలన్నీ కట్టి, మోటారు ఆపి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత గీయండి. తెల్లారేసరికి మట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు. మురుగు గొట్టం కారితే మాత్రం ఇది పట్టదు.

అప్పటికీ తేలకపోతే అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి రెండు రోజులు వదిలేయండి. లోపలివైపు నీటిబొట్లు కడితే తడి గోడలోనే ఉంది. గది వైపు కడితే అది గదిలోని ఆవిరి. మా ఇంట్లో ఆవిరే తేలింది, గదిలో బట్టలు ఆరేసిన పుణ్యం!

బూజును పొడిగా గీకకండి, గాలిలోకి లేస్తుంది. మాస్కు కట్టుకొని సబ్బునీటి గుడ్డతో తుడవండి.